తెల్ల బాత్రూం

3, సోమవారం

మేస్త్రీ వచ్చి చూసి వెళ్ళాడు. గుమ్మంలోనే నిలబడి, లోపలికి అడుగైనా పెట్టకుండా, "మొత్తం పగలగొట్టాలమ్మా" అన్నాడు. అతను చెప్పిన రేటు వినగానే నాకు కళ్ళు తిరిగాయి. అంత డబ్బే ఉంటే బాత్రూం ఏం ఖర్మ, ఇల్లే మార్చుకుందుం.

నేనే చేసుకుంటాను. పగలగొట్టేదేమీ లేదు. పాత టైల్స్ మీదే రంగు వేస్తాను. వీడియోల్లో చూశాను, నాలాంటి వాళ్ళే చేస్తున్నారు. ఒకరు నిలబడితే ఇంకొకరు బయట ఆగవలసినంత గది. దానికింత హంగామా ఎందుకు?

అమ్మాయి హాస్టల్ నుంచి వచ్చినప్పుడల్లా, "అమ్మా, ఇందులో స్నానం చేశాక మళ్ళీ ఎక్కడైనా స్నానం చెయ్యాలనిపిస్తుంది" అంటుంది. తప్పేం లేదు. ముదురు గోధుమ రంగు గోడలు, నల్లటి నేల, మూలల్లో పాకుడు. ముందున్న వాళ్ళు ఏ గుహని చూసి ముచ్చటపడి వేయించారో. పట్టపగలు కూడా లైటు వేసుకోవాలి. మొత్తం తెల్లగా మార్చేస్తాను. తెలుపైతే చిన్న గది పెద్దగా కనబడుతుందట.

ఆయనకి చెప్పాను. "దానికేమొచ్చిందిప్పుడు? బాగానే ఉందిగా. తెలుపొద్దు" అన్నారు.

కిటికీకి ఏ రంగు పరదా ఉందో ఇన్నేళ్ళలో ఒక్కసారి గమనించని మనిషి. పొద్దున్నే స్కూలు వ్యాను తీసుకుని పోవడం, సాయంత్రం పిల్లల్ని దింపేసి రావడం. అంతకు మించి లోకంతో పని లేదు. అలాంటి మనిషికి బాత్రూం రంగు మీద అభిప్రాయం ఎక్కడి నుంచి వచ్చింది?

4, మంగళవారం

హార్డ్‌వేర్ షాపుకి వెళ్ళాను. టైల్స్ మీద వేసే రంగు, ముందు పూసే ప్రైమర్, రోలరు, గరుకు కాగితం, సందుల్లోకి తెల్ల సిమెంటు. షాపతను నన్ను ఎగాదిగా చూసి, "మీరే వేస్తారా అమ్మా? సారేం చేస్తారు?" అన్నాడు.

"సారు చూస్తారు" అన్నాను.

5, బుధవారం

నేను కుట్టుపని చేసే బట్టల షాపు నుంచి వచ్చి గోడలు రుద్దాను. చేతులు పడిపోయాయి. ఏళ్ళ సబ్బు మడ్డి, మొండిగా అంటుకుపోయి ఉంది. నేనంతకంటే మొండిదాన్ని.

ఆయన ఇంటికి రాగానే కాళ్ళు కడుక్కోవాలని లోపలికొచ్చారు. గుమ్మం పక్కనే ఉన్న బకెట్‌ని తన్నేశారు. ఏనుగంత బకెట్. నీళ్ళన్నీ హాల్లోకి.

"బకెట్ అక్కడెందుకు పెట్టావ్?"

"కనబడలేదా?"

"కనబడకపోవడానికేముంది? చూసుకోలేదు" అని విసుక్కున్నారు.

నేల తుడిచే మిషతో దగ్గరగా వెళ్ళి వాసన చూశాను. మందు వాసన లేదు. పిప్పరమెంటు వాసన వచ్చింది. ఈయన పిప్పరమెంట్లు తినడం ఎప్పటి నుంచి?

నాకేం అనుమానం లేదు. ఊరికే రాసి పెట్టుకుంటున్నాను.

7, శుక్రవారం

గరుకు కాగితంతో రుద్దడం అయిపోయింది. ముక్కులోంచి గోధుమ రంగు దుమ్ము వస్తోంది. ప్రైమర్ ఒక చుట్టు వేశాను. రంగు ఆరేదాకా బాత్రూం వాడకూడదు కాబట్టి, ఇద్దరం తువ్వాళ్ళు భుజాన వేసుకుని పక్కింటి పిన్నిగారి ఇంటికి ఊరేగింపుగా వెళ్ళొచ్చాం. పిన్నిగారు, "మీ ఆయన నా చెప్పుల స్టాండు పడేశాడే. మంచివాడే, కాని తిన్నగా నడవడేం?" అని నా చెవిలో అడిగింది.

అలసట పిన్నీ అన్నాను.

8, శనివారం

మొదటి చుట్టు తెలుపు. పెళ్ళికూతురికి పౌడరు రాసినట్టుంది. లోపలి గోధుమ రంగు ఇంకా తొంగి చూస్తోంది.

9, ఆదివారం

రాత్రి రెండో చుట్టు వేసి, తలుపు మీద "తడి రంగు, ముట్టుకోవద్దు" అని ఇంత లావు అక్షరాలతో కాగితం అంటించి పడుకున్నాను. లేచి చూసేసరికి గోడ మీద చేతి ముద్రలు. ఒకటి కాదు, గుమ్మం నుంచి కమోడ్ దాకా నడుం ఎత్తున వరసగా. పక్కింటికి వెళ్ళడానికి బద్ధకించి ఇందులోకే వెళ్ళారన్నమాట. వెళితే వెళ్ళారు, గోడ తడుముకుంటూ పోవడమేమిటి?

"కాగితం చూడలేదా?"

"ఏ కాగితం?"

అరచేతులు చూపించమన్నాను. తెల్లగా ఉన్నాయి. అప్పటికీ, "నేను కాదు" అనబోయి ఆగారు.

కావాలనే చేశారు. తెలుపొద్దన్నారుగా, అందుకని. మళ్ళీ రంగు వేశాను. రోలరు తిప్పినంత సేపూ తిట్టుకున్నాను.

10, సోమవారం

షాపులో నా కుట్టుమిషను వీధి వైపు అద్దం దగ్గరే ఉంటుంది. అందరి ప్యాంట్లూ పొడవు తగ్గిస్తూ, వచ్చే పోయే బళ్ళని చూస్తుంటాను. ఆయన వ్యాను రోజూ అటుగానే వెళుతుంది. చూసి చాలా కాలమైంది, చూడ్డానికేముంది అని.

ఇవాళ చూశాను. వ్యానులో పిల్లల్ని ఎక్కించి దింపే ఆయా ఉందే, పొడుగ్గా సన్నగా ఉంటుంది, ఆవిడ వెనక పిల్లల దగ్గర కూర్చోవాలి. అది ఆవిడ పని. ముందు సీట్లో కూర్చుంది. ఆయన వైపు వంగి, భుజం మీద చెయ్యి వేసి, చెవి దగ్గర ఏదో చెబుతోంది. ఆయన తల ఊపుతున్నారు.

సూది వేల్లో దిగింది.

11, మంగళవారం

మా క్యాషియరమ్మకి చెప్పకూడదనుకుంటూనే చెప్పాను. డబ్బాలో చిల్లర సర్దుతూ, "మగాడు ఇంట్లో రంగుల గురించి మాట్లాడాడంటే, బయట ఏదో రంగు పడినట్టే" అంది.

"ఛ, ఆయన అలాంటివారు కాదు" అన్నాను.

"ఎవరూ అలాంటివారు కాదు, తెలిసేదాకా."

12, బుధవారం

జుట్టు కత్తిరించుకున్నాను. నడుం దాకా ఉండేది, భుజాల దాకా చేయించాను. అద్దంలో చూసుకుంటే ఎవరో కొత్త మనిషి. పక్కింటి పిన్నిగారు గుర్తుపట్టలేదు. పాలు పోసే అతను, "అమ్మగారు లేరా?" అని నన్నే అడిగాడు.

ఆయన ఎదురుగా కూర్చుని అన్నం తిన్నారు. నా మొహంలోకి చూస్తూ కూర బాగుందన్నారు. ఇంకేం అనలేదు.

ఇంకేం అనలేదు.

15, శనివారం

నేల కూడా తెలుపే వేశాను. జారకుండా గరుకుగా ఉండే రంగు. సందుల్లో తెల్ల సిమెంటు పెట్టాను. బకెట్, మగ్గు, సబ్బు పెట్టె అన్నీ తెల్లవి. తలుపుకి లోపలి వైపు తెలుపు కొట్టి, పాత తుప్పు గొళ్ళెం పీకేసి కొత్తది నేనే బిగించాను. సెకండ్‌హాండ్ షాపులో దొరికిన అద్దం తగిలించాను. లైటు వేస్తే ఆ చిన్న గది వెన్నెల్లో పెరుగు గిన్నెలా మెరిసింది. ఆనందానికి కమోడ్ మూత మీద కూర్చుని కాసేపు చుట్టూ చూసుకున్నాను. నా చేతులతో నేను చేసింది ఈ ఇంట్లో ఇదొక్కటే.

అమ్మాయి వీడియోలో చూసి, "అమ్మా, హోటల్ గదిలా ఉంది! నాన్న ఏమన్నారు?" అంది.

నాన్న ఒక్కసారి లోపలికి వెళ్ళి వెంటనే బయటికొచ్చారు. మొహం పాలిపోయి ఉంది. "బాగుంది" అన్నారు. నచ్చని మనిషి అనే బాగుంది అది.

16, ఆదివారం

బాల్కనీలో బట్టలు ఆరేద్దామని వెళితే, ఆయన ఫోనులో మాట్లాడుతున్నారు. నేను తలుపు దగ్గరే ఉన్నాను, రెండడుగుల దూరంలో. నన్ను చూడనట్టే మాట్లాడుకుపోయారు.

"నువ్వు పక్కన లేకపోతే నా వల్ల కాదు. ఒక్క రోజు కూడా మానకు... నీకేం కావాలన్నా నేను చూసుకుంటాను... లేదు, మా ఆవిడకి తెలీదు. తెలియకూడదు కూడా."

తడి బట్టల బకెట్ పట్టుకుని వెనక్కి వచ్చేశాను. అవి సాయంత్రం దాకా అలాగే ఉన్నాయి.

17, సోమవారం

ఎవరిదో ప్యాంటు పొడవు తగ్గించమంటే నడుం తగ్గించాను.

18, మంగళవారం

అన్నాల దగ్గర మెల్లగా అడిగాను. "మీ వ్యాను ఆయా ముందు సీట్లో కూర్చుంటోందట?"

"ఎవరు చెప్పారు?"

"ఎవరో ఎందుకు, నాకు కళ్ళు లేవా?"

మంచినీళ్ళ గ్లాసు అందుకోబోయి, దాని పక్కన గాలిని అందుకున్నారు. "వెనక తల తిరుగుతోందంటే ముందు కూర్చోమన్నాను" అన్నారు. తప్పు చేసినవాళ్ళ చేతులు తడబడతాయి.

20, గురువారం

తువ్వాలు నేల మీద. సబ్బు కమోడ్ వెనక. మగ్గు గుమ్మం బయట. తెల్ల గోడకి రోజూ ఒక గీత. నా బాత్రూం మీద పగబట్టారు. నేను ముచ్చటగా చేసుకున్నదంతా పాడుచేస్తే కాని మనసు చల్లబడేట్టు లేదు.

ఇక పట్టలేక మొహమ్మీదే అడిగేశాను. "ఎవరైనా ఉన్నారా మీకు? చెప్పేయండి. ఏడవను."

ఆయన ఒక్క క్షణం తెల్లబోయి, పగలబడి నవ్వారు. "నాకా? ఈ మొహానికా? ఎవరే ఆ గుడ్డిది?"

ఆ నవ్వులో ఏదో బరువు దించుకున్నట్టుంది. పట్టుబడ్డవాడు అలా నవ్వడు. పట్టుబడకుండా తప్పించుకున్నవాడే అలా నవ్వుతాడు.

22, శనివారం

ఆయా ఇంటికి వెళ్ళాను.

లాండ్రీ షాపు వెనక ఒక్క గది. తలుపు తీసే ఉంది. ఇస్త్రీ చేస్తోంది. నన్ను చూడగానే ఇస్త్రీపెట్టె నిలబెట్టి, కుర్చీ మీది బట్టలు తీసేసి, "కూర్చోండక్కా" అంది. నేను వస్తానని తెలిసినట్టే అంది. నేను కూర్చోలేదు. దారి పొడుగునా ఏమేం అనాలో వల్లె వేసుకుంటూ వెళ్ళాను. ఒక్క ముక్క గుర్తు రాలేదు.

"మా ఆయనతో నీకేంటి?" అన్నాను చివరికి.

ఆవిడ నా మొహంలోకి చూసింది. "మీరేమనుకుంటున్నారో నాకు తెలుసక్కా. అదే అయ్యుంటే బాగుండేది."

"ఏంటి బాగుండేది?"

"అన్నకి కళ్ళు కనబడట్లేదు."

నాకు వినబడింది కాని అర్థం కాలేదు. ఆవిడే మంచం అంచున కూర్చుని చెప్పింది. "ఎదురుగా ఉన్నది కనబడుతుంది. పక్కన ఉన్నది కనబడదు. మసక పడితే అదీ కష్టమే. మొదట్లో నాకూ తెలీదు. ఒకసారి సందులోంచి స్కూటర్ వస్తుంటే నేను కేక వేశాను, అప్పుడు బ్రేక్ వేశాడు. పిల్లల్ని దింపేశాక స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చాడు. అప్పుడు చెప్పాడు. అప్పటి నుంచి ముందు కూర్చుంటున్నా. ఎడమ పక్క సైకిలు, కుడి పక్క కుక్క, గుంత, మనిషి, అన్నీ చెవిలో చెబుతుంటా. గట్టిగా చెబితే పిల్లలు వింటారని. దడకి నోరెండిపోతుందని ఇద్దరం పిప్పరమెంట్లు చప్పరిస్తుంటాం."

"ఎవరికీ చెప్పలేదా?"

"చెబితే బండి ఆగిపోతుంది. అన్న ఉద్యోగం పోతుంది, నాదీ పోతుందేమో. సెలవులిచ్చేదాకా లాగేద్దాం అన్నాడు. వెనక పిల్లలు పాటలు పాడుతుంటారక్కా. నేను ముందు కూర్చుని వణుకుతుంటా. ఇంటికొచ్చాక కూడా నోట్లోంచి ఎడమ, కుడి అనే వస్తోంది."

వచ్చేటప్పుడు ఆవిడ గుమ్మం దాకా వచ్చి, "నేను చెప్పానని చెప్పకండి" అంది. తర్వాత మళ్ళీ, "చెప్పినా పరవాలేదు" అంది.

రాస్తే సిగ్గుగా ఉంది, కాని ఇది నాకోసం రాసుకునేది. తిరిగి వస్తుంటే మనసు తేలికయింది. ఇంకో ఆడది లేదు. ఆయన నావారే. వీధి మలుపులో నవ్వు కూడా వచ్చింది.

23, ఆదివారం

ఆవిడ చెప్పింది అబద్ధమైతే? ఇద్దరూ కలిసి అల్లిన కథైతే? నా కళ్ళతో నేను చూడాలనుకున్నాను.

ఆయన బాత్రూంలో మొహం కడుక్కుంటున్నారు. తలుపు తీసే ఉంది. నేను చప్పుడు చెయ్యకుండా లోపలికి వెళ్ళి, ఆయన కుడి భుజం పక్కన గోడకి ఆనుకుని, తెల్ల తువ్వాలు పట్టుకుని నిలబడ్డాను. ఊపిరి తగిలేంత దగ్గర.

ఆయన కుళాయి కట్టేసి, తువ్వాలు కోసం గోడ తడిమారు. కొక్కెం దొరికింది, అది ఖాళీ. కిందికి వంగి నేల తడిమారు. మళ్ళీ గోడ. ఆ చెయ్యి నా మోచేతికి అంగుళం పక్కనుంచి వెళ్ళింది. నీళ్ళు కారుతున్న మొహంతో వంటింటి వైపు తిరిగి, "ఏమే, తువ్వాలు లేదేంటి?" అని కేక వేశారు.

నేను మునివేళ్ళ మీద బయటికి వచ్చి, వంటింట్లోకి వెళ్ళి, అక్కడి నుంచి, "ఆఁ, తెస్తున్నానండీ" అన్నాను.

24, సోమవారం

రేపు మాట్లాడతాను.

దారి ఆయనకి అరచేతిలో గీతలంత తెలుసు. ఇన్నేళ్ళుగా ఒక్క గీత పడకుండా నడిపారు. పక్కన ఆవిడ ఉండనే ఉంది. సెలవులు కూడా ఎంతో దూరం లేవు. సెలవుల్లో తీరిగ్గా డాక్టర్ దగ్గరికి తీసుకెళతాను. ఇప్పుడు గొడవ చేస్తే అమ్మాయి ఫీజు ఎలా?

బేసిన్ చుట్టూ సిలికాన్ వేశాను. గీత తిన్నగా వచ్చింది.

25, మంగళవారం

ఇవాళ మాట్లాడలేదు. చిన్న అలమర బిగించాను.

వ్యాను షాపు ముందు నుంచి వెళుతుంటే తల దించుకుని కుట్టుకున్నాను. అది దాటి వెళ్ళిందని చప్పుడుని బట్టి తెలిశాక తలెత్తాను.

26, బుధవారం

వ్యాను పక్క అద్దం విరిగి వేలాడుతోంది. "ఎవడో ఆగి ఉన్న బండిని గుద్దేసి పోయాడు" అన్నారు. గట్టిగా, కోపంగా అన్నారు.

ఆయా ఫోన్ చేసింది. ఏడుపు గొంతు. సైకిల్ మీద ఒక పెద్దాయన. ఆవిడ ఆ సమయానికి వెనక్కి తిరిగింది, ఒక పిల్లకి వాంతి అయితే కాగితం అందించడానికి. అంతే. వ్యాను అద్దం తగిలి ఆ పెద్దాయన మోచెయ్యి దోక్కుపోయింది, నెత్తురు కారింది. దేవుడి దయ, అంతకు మించి లేదు. "అన్న దిగి ఆయన్నే తిట్టాడక్కా. కళ్ళు పెట్టుకుని తొక్కలేవా అని. ఆ పెద్దాయన క్షమించమని చెప్పి వెళ్ళిపోయాడు."

క్షమించమని ఆయన చెప్పాడు.

నేను శనివారం నుంచి తెలిసి ఊరుకున్నాను. బాత్రూంకి అలంకారాలు చేసుకుంటూ కూర్చున్నాను.

27, గురువారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆయన టీ తాగుతుండగా మేకుకి ఉన్న వ్యాను తాళాలు తీసుకుని బాత్రూంలోకి వెళ్ళి గొళ్ళెం పెట్టుకున్నాను. ముందుగా అనుకున్నది కాదు. ఆయన మొహం చూస్తూ చెప్పలేననిపించింది.

కాసేపటికి మేకు దగ్గర తడుముతున్న చప్పుడు. "ఏమే, తాళాలు చూశావా?"

"నా దగ్గరున్నాయి."

"బాత్రూంలోనా? ఇటివ్వు, ఆలస్యమవుతోంది."

"ఇవ్వను. ఇవాళ మీరు బండి తియ్యరు. స్కూలుకి ఫోన్ చేసి వేరే డ్రైవర్ని పంపమనండి."

మొదట నవ్వారు. తర్వాత బతిమాలారు. తర్వాత తలుపు బాదారు. "విరగ్గొడతాను" అన్నారు. విరగ్గొట్టండి అన్నాను. ఆ గొళ్ళెం బిగించింది నేనే, అది ఆగుతుందని నాకే నమ్మకం లేదు. ఆగింది. బయట ఆయన ఫోన్ మోగుతోంది, ఆగుతోంది, మళ్ళీ మోగుతోంది.

"నీకేమైనా పిచ్చి పట్టిందా? పిల్లలు రోడ్డు మీద నిలబడి ఉంటారు!"

"ఆ పిల్లల కోసమే."

చప్పుడు ఆగిపోయింది. నేను తలుపుకి చెంప ఆనించి అన్నాను: "నా జుట్టు ఎలా ఉందో చెప్పండి. చెబితే తాళాలు ఇచ్చేస్తాను."

బయట ఫోన్ మళ్ళీ మోగి ఆగింది.

"జుట్టుకేమైంది?" అన్నారు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

"కత్తిరించుకున్నాను. రెండు వారాలైంది. ఊరంతా చూసింది."

తలుపుకి వీపు ఆనించి కిందికి జారి కూర్చున్న చప్పుడు. నేనూ ఇవతల నా తెల్ల నేల మీద కూర్చున్నాను. మధ్యలో చెక్క. ఆయన మాట్లాడడం మొదలుపెట్టారు, పిల్లవాడు తప్పు ఒప్పుకుంటున్నట్టు ఆగి ఆగి.

"నీ మొహం చూస్తే మొహం ఒక్కటే కనబడుతుందే. దాని చుట్టూ పొగ. ఏడాది దాటింది. కళ్ళజోళ్ళ షాపు వాడు పెద్దాసుపత్రికి వెళ్ళమన్నాడు. వెళితే ఏం చెబుతారో తెలిసే వెళ్ళలేదు. పాత బాత్రూంలో పరవాలేదు, నల్లగా ఉండేది, తెల్ల కమోడ్ తెల్లగా కనబడేది. నువ్వు మొత్తం తెలుపు కొట్టేశాక లోపలికి వెళితే పాల గంగాళంలో పడినట్టుంటోంది. ఎక్కడ గోడో ఎక్కడ నేలో తెలియదు. నీకు చెప్పాలంటే ఇదంతా చెప్పాలి."

"నేను మీకు ఇంకెవరో ఉన్నారనుకున్నాను."

"తెలుసు. అలాగే అనుకోనీ అనుకున్నాను."

"ఎందుకూ?"

"అదైతే నన్ను తిడతావు. ఇదైతే జాలిపడతావు."

"జాలి లేదు, ఏమీ లేదు. నిన్న ఆ పెద్దాయన చచ్చిపోయి ఉంటే?" అన్నాను. నాక్కూడా శనివారం నుంచి తెలుసని అప్పుడే చెప్పేశాను.

మళ్ళీ ఫోన్ మోగింది. ఈసారి ఎత్తారు. "ఒంట్లో బాగోలేదు సార్" అన్నారు. ఆగి, "కాదు సార్. నాకు చూపు తగ్గిపోయింది. ఇక నేను నడపకూడదు. వేరే మనిషిని పంపండి, ఇప్పుడే" అన్నారు.

గొళ్ళెం తీశాను.

28, శుక్రవారం

పెద్దాసుపత్రి. నీటికాసులట, గ్లకోమా అన్నారు. నొప్పి ఉండదు, పక్క చూపు అంచుల నుంచి తినేస్తూ వస్తుందట. డాక్టరమ్మ కాగితం మీద గుండ్రంగా గీసి, చుట్టూ నలుపు రుద్ది, మధ్యలో మిగిలిన తెల్ల చుక్క చూపించింది. "పోయింది రాదు. మిగిలింది కాపాడుకోవచ్చు, చుక్కల మందు ఒక్క పూట కూడా మానకపోతే" అంది.

"ఏడాది ముందొస్తే?" అని ఆయన అడిగారు.

ఆవిడ మందు రాస్తూ, "ఇప్పుడొచ్చారుగా" అంది.

31, సోమవారం

స్కూలుకి ఆయనే వెళ్ళారు. నేను గేటు దాకా వెళ్ళాను, లోపలికి రావద్దన్నారు. ఉద్యోగం లేదు. ఆయాని ఉంచారు, "తప్పంతా నాది, ఆమెని నేనే భయపెట్టాను" అని చెప్పారట. అందులో సగమే నిజం.

సాయంత్రం ఒక పిల్ల తల్లి ఫోన్ చేసి తిట్టింది. స్పీకరు నొక్కక్కర్లేకుండానే నాకు వినబడింది. ఆయన మధ్యలో పెట్టెయ్యలేదు. చివరి దాకా నిలబడి విన్నారు. "అవునమ్మా" అన్నారు. మళ్ళీ "అవునమ్మా" అన్నారు.

1, మంగళవారం

నాతో మాట్లాడ్డం లేదు.

2, బుధవారం

మాట్లాడ్డం లేదు. చుక్కలు వేస్తానంటే మాత్రం తల వెనక్కి వాలుస్తున్నారు.

ఆయా ఫోన్ చేసింది. "అక్కా, ఇవాళ వెనక సీట్లో పిల్లల మధ్య కూర్చున్నా. నిద్ర పట్టేసింది. పిల్లలే లేపారు."

4, శుక్రవారం

ఆయన బాత్రూంలో జారారు. పడలేదు, బేసిన్ పట్టుకున్నారు. నేను బేసిన్ చుట్టూ అంత ముచ్చటగా వేసిన సిలికాన్ ఊడిపోయింది. షాపులో బట్టలు సర్దే పని కూడా ఇమ్మని అడిగాను, ఇస్తామన్నారు.

6, ఆదివారం

హార్డ్‌వేర్ షాపు నుంచి రంగుల కార్డులు తెచ్చాను. ఆయన్ని చెయ్యి పట్టుకుని బాత్రూం గుమ్మంలో నిలబెట్టాను. "నేను గోడ మీద ఒక్కొక్కటీ పెడతాను. ఏది కనబడుతుందో చెప్పండి. నన్ను సంతోషపెట్టడానికి చెప్పకండి. కనబడకపోతే లేదు అనండి" అన్నాను.

వారం తర్వాత మొదటిసారి పలికారు. "ఎందుకు?"

"నేలకీ గోడకీ మధ్య పట్టీ వేస్తాను. కమోడ్ చుట్టూ, గుమ్మానికి, కొక్కేలకి కూడా. మీకు ఏది ఎక్కడుందో తెలిసేలా."

"ముచ్చటపడి చేసుకున్నావు కదే. పాడైపోతుంది."

"పెట్టమంటారా, వద్దా?"

పసుపు పెట్టాను. "లేదు." లేత ఆకుపచ్చ. "లేదు." గులాబీ. "లేదు." ఇన్నాళ్ళూ ఎన్ని లేదులని ఉంది అని చెప్పి బతికారో. ఎరుపు పెడితే, "ఏదో ఉంది, మచ్చలాగా" అన్నారు. ముదురు నీలం పెట్టాను. "ఆఁ, అది. అది ఉంది" అన్నారు, గొంతులో కొంచెం ప్రాణం వచ్చింది.

ఆ నీలాన్ని మూలకి జరిపాను. "ఇక్కడ?" లేదు. "ఇక్కడ?" లేదు. కార్డుతో పాటు నేనూ కమోడ్ పక్కకి, అలమర కిందికి, బకెట్ దాటి ఇటు పక్కకీ జరిగాను.

"ఇంకొంచెం ఇటు రా" అన్నారు. "ఇంకొంచెం. ఆఁ, అక్కడ. ఆగు."

"కార్డు కనబడుతోందా?"

"కార్డు కాదు. నువ్వు."

కార్డు పట్టుకున్న చెయ్యి నొప్పితో లాగుతున్నా నేను కదలలేదు.